లోపలి డిస్కు పోయిన ఐమ్యాక్‌ని బయటి ఎస్‌ఎస్‌డీ మీద నడిపించడం: నా అనుభవం

ఇది 2015 చివర్లో వచ్చిన 21.5 అంగుళాల 4కే ఐమ్యాక్ సంగతి. లోపల ఉన్నది 1 టీబీ మామూలు హార్డ్ డిస్కు, నిమిషానికి 5,400 చుట్లు తిరిగే రకం. దీని మీద మేం తెలుగు పుస్తకాల పేజ్ మేకప్ చేస్తాం. ఎనిమిదేళ్లు తిరిగిన డిస్కు పోవడంలో వింతేమీ లేదు, దాని ఆయుష్షు అంతే. పోయేటప్పుడు ఏం జరిగింది, ఏది ముందు చెయ్యాలి, ఎక్కడ ఎంతసేపు కూర్చోవాలి, ఎంత ఖర్చయింది అన్నవే ఇక్కడ రాస్తున్నాను. ఇంటెల్ చిప్పున్న పాత ఐమ్యాక్, మ్యాక్ మినీ వాడేవాళ్లకి దాదాపు ఇదే దారి పనికొస్తుంది. ఆపిల్ సొంత చిప్పులైన ఎం1, ఆ తర్వాతివి ఉన్న వాటికి పనికిరాదు. ఎందుకో తర్వాత చెప్తాను.

డిస్కు పోబోతోందని మొదట చెప్పింది బ్యాకప్. 2023 డిసెంబరు 29 తర్వాత టైమ్ మెషీన్ (మ్యాక్‌తో పాటే వచ్చే బ్యాకప్ సదుపాయం) బ్యాకప్ ఒక్కటి కూడా పూర్తికాలేదు. "ప్రిపేరింగ్" అని గంటల తరబడి చూపించి, చివరికి ఏదో ఒక ఫైలు కాపీ అవలేదని ఆగిపోయేది. ఇలా జరిగితే చాలామంది బ్యాకప్ డిస్కునో కేబుల్‌నో అనుమానిస్తారు. నిజానికి టైమ్ మెషీన్ లోపలి డిస్కులో చెడిన సెక్టరు (డేటా దాచే చిన్న గడి) దగ్గరికి వచ్చి, చదవలేక నిలబడిపోతోంది. రోజూ తెరవని ఫైలు ఎక్కడో పాడైనా మనకి తెలీదు, బ్యాకప్‌కి తెలుస్తుంది. అందుకే బ్యాకప్ ఆగిపోతే ముందు చూడాల్సింది లోపలి డిస్కునే.

జనవరి రెండోవారానికి, మ్యాక్ ఆగిపోయినప్పుడు కనబడే రంగుల చక్రం తిరగడం మొదలైంది. ఫైలు సేవ్ కొడితే నలభై సెకన్లు ఏ కదలికా ఉండదు, ఆ తర్వాత ఏమీ జరగనట్టే అంతా మామూలుగా నడుస్తుంది. 18వ తేదీన డిస్క్ యుటిలిటీ (మ్యాక్‌లో డిస్కుల పనులు చూసే ప్రోగ్రామ్) తెరిస్తే, డిస్కు తన ఆరోగ్యం తానే చెప్పుకునే స్మార్ట్ స్టేటస్ దగ్గర ఎర్ర అక్షరాల్లో "ఫెయిలింగ్" అని ఉంది. గుండె జారిపోయింది. ప్రెస్సుకి వెళ్లాల్సిన రెండు పుస్తకాల తాజా ఫైళ్లు, డిసెంబరు 29 తర్వాత దిద్దిన ప్రూఫులన్నీ అందులోనే ఉన్నాయి.

ఈ దశలో చెయ్యకూడనివి మూడు. ఒకటి, డిస్క్ యుటిలిటీలో ఫస్ట్ ఎయిడ్ కొట్టడం. అది ఫైల్ సిస్టమ్‌ని సరిచేస్తుంది గానీ డిస్కుని బాగుచెయ్యదు. పైగా చచ్చిపోతున్న డిస్కు మీద కొత్తగా రాస్తుంది, మూలమూలా చదివిస్తుంది. రెండు, ఫైండర్‌లో ఫోల్డర్లు పట్టుకుని లాగి కాపీ చెయ్యడం. చెడిన ఫైలు తగలగానే కాపీ మొత్తం ఆగుతుంది. అంతవరకు ఏది వచ్చింది ఏది రాలేదు అన్న లెక్క దొరకదు. మళ్లీ మొదలుపెడితే మళ్లీ అదే చెడు చోట డిస్కు చదివే తల ఆడించి డిస్కుని ఇంకా అరగదీస్తాం. మూడు, "చూద్దాం" అని పదేపదే రీస్టార్ట్ చెయ్యడం. అందుకని ఐమ్యాక్‌ని షట్‌డౌన్ చేసి ప్లగ్గు తీసేశాను.

తర్వాత రెండు చోట్ల అడిగాను. ఒక సర్వీస్ సెంటర్‌లో తెర విప్పి లోపల ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని వేగమైన డిస్కు) వెయ్యడానికి, ఎస్‌ఎస్‌డీ ఖరీదు కాకుండా కూలీ 7,500 రూపాయలు అన్నారు. డేటాకి మాత్రం పూచీ లేదన్నారు. 2012 చివర్లో వచ్చిన సన్నటి మోడల్ నుంచి ఐమ్యాక్‌ల ముందు అద్దం, తెర కలిసి ఒకే పలక. దాన్ని చుట్టూ గమ్ము పట్టీలతో అంటించి ఉంటారు. పట్టీలు కోసి తెర లేపాలి, మూసేటప్పుడు కొత్త పట్టీలు వెయ్యాలి. లేపేటప్పుడు అంచు పగిలినా, కింద ఉన్న సన్నటి తీగ తెగినా తెర ఖరీదు మీద పడుతుంది. డేటా రికవరీ చేసే ఇంకోచోట 14,000 నుంచి మొదలన్నారు, వారం పదిరోజులు ఆగమన్నారు. డిస్కు లోపల్నుంచి టకటకమని శబ్దం వస్తుంటే, లేదా అసలు కంప్యూటరుకి కనబడకపోతే, అలాంటివాళ్ల దగ్గరికే వెళ్లాలి. అది తల పాడైన సంగతి, ఇంట్లో ఏం చేసినా డేటా ఉండే పళ్లేలు గీసుకుపోతాయి. డిస్కుని ఫ్రిజ్‌లో పెట్టమనే సలహా వింటే లోపల తడి పడుతుంది, ఉన్నదీ పోతుంది. మాదాంట్లో శబ్దం లేదు, కనబడుతోంది, చదువుతోంది. చదవడమే కొన్నిచోట్ల ఆలస్యం. ఇలాంటి డిస్కుని ఇంట్లోనే కాపీ తీసుకోవచ్చు.

20వ తేదీన సికింద్రాబాద్‌లో సీటీసీ అనే కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్లి కొన్నవి ఇవి: 2 టీబీ పోర్టబుల్ హార్డ్ డిస్కు 5,900, 500 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ 3,300, దాన్ని పెట్టుకునే యూఎస్‌బీ 3 కేసింగ్ 750, పెన్‌డ్రైవ్ 350. మొత్తం 10,300 రూపాయలు. బయటి డ్రైవ్‌లు రెండెందుకంటే వాటి పనులు వేరు. పోర్టబుల్ డిస్కు పాత డేటా దించుకోవడానికి, ఎస్‌ఎస్‌డీ ఇకమీదట కంప్యూటరు దానిమీదే నడవడానికి. ఒక్కదానితో రెండూ కానిద్దామంటే రెండూ చెడతాయి. పోర్టబుల్ హార్డ్ డిస్కు మీద మ్యాక్ ఓఎస్ ఎక్కించొచ్చు గానీ, ఇప్పటి మ్యాక్ ఓఎస్ వాడే ఏపీఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ తిరిగే డిస్కుల మీద చాలా నిదానం. లాగిన్ అవడానికే విసుగొస్తుంది.

పోర్టబుల్ డిస్కు 1 టీబీది చాలదా అని కొట్టులో అడిగారు. చాలదు. లోపలి డిస్కు మొత్తాన్ని సెక్టరు సెక్టరుగా ఒక్క ఫైలుగా దించుతాం. 1 టీబీ డిస్కు అంటే 1,000,204,886,016 బైట్లు. అంతే సైజున్న ఇంకో డిస్కుని ఫార్మాట్ చేశాక ఆ ఫైలు అందులో పట్టదు. 2 టీబీ తీసుకుంటే ఇంకో లాభం కూడా ఉంది: ఏది పాతది ఏది కొత్తది అన్నది సైజు చూడగానే తెలుస్తుంది. కాపీ ఎటునుంచి ఎటు అన్నది ఒక్కసారి తారుమారైతే పాత డిస్కు మీద ఖాళీ డిస్కు ఎక్కుతుంది, ఇక దేవుడు కూడా కాపాడలేడు.

కేసింగ్ కొనేటప్పుడు యూఏఎస్‌పీ (యూఎస్‌బీ మీద డేటా వేగంగా పంపే పద్ధతి) ఉందా అని అడిగి తీసుకోవాలి. లేకపోతే అదే ఎస్‌ఎస్‌డీ తక్కువ వేగంతో నడుస్తుంది. కేబుల్ పొట్టిది, మందంగా ఉన్నది మంచిది.

21వ తేదీ సాయంత్రం పని మొదలైంది. సిస్టమ్‌రెస్క్యూ అనే ఉచిత లినక్స్‌ని ఒక విండోస్ లాప్‌టాప్ మీద రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. చెడిన డిస్కుని కాపీ తీసే డీడీరెస్క్యూ, డిస్కు ఆరోగ్యం చూపే స్మార్ట్‌సీటీఎల్ రెండూ అందులో ముందే ఉంటాయి, ఇంటర్నెట్ నుంచి ఏదీ దించుకోనక్కర్లేదు. లినక్స్ నుంచే ఎందుకంటే, మ్యాక్ ఓఎస్ బూట్ అయిందంటే మనం అడక్కపోయినా లోపలి డిస్కుని మౌంట్ చేసి, అంటే వాడకానికి తెరిచి, స్పాట్‌లైట్ అనే వెతికే సదుపాయం కోసం ఇండెక్సింగ్ మొదలుపెడుతుంది. సిస్టమ్‌రెస్క్యూ మనం చెప్పేదాకా డిస్కు జోలికి పోదు. లినక్స్‌కి ఏపీఎఫ్‌ఎస్ చదవడం రాకపోయినా ఫరవాలేదు, ఇక్కడ ఫైళ్లతో పనిలేదు, సెక్టర్లతోనే పని.

పోర్టబుల్ డిస్కుని అదే లాప్‌టాప్‌లో ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేశాను. లినక్స్ రాయాలి, తర్వాత మ్యాక్ చదవాలి, ఒక్క ఫైలే 1 టీబీ ఉండాలి. ఈ మూడూ దానికి కుదురుతాయి. ఫ్యాట్32లో ఒక ఫైలు 4 జీబీ దాటదు, లినక్స్ సొంత ఫార్మాట్ అయిన ఈఎక్స్‌టీ4ని మ్యాక్ చదవదు.

ఇక్కడ కీబోర్డు దగ్గర చిన్న ఇబ్బంది వస్తుంది. ఐమ్యాక్ ఆన్ చేస్తూ ఆప్షన్ కీ పట్టుకుంటే ఎక్కడినుంచి బూట్ కావాలో అడుగుతుంది. బ్లూటూత్ కీబోర్డు ఒక్కోసారి ఆ మాట అందించదు, లినక్స్‌లోకి వెళ్లాక అసలు పనిచెయ్యదు. మ్యాజిక్ కీబోర్డుకి దాని ఛార్జింగ్ కేబుల్ గుచ్చితే మామూలు యూఎస్‌బీ కీబోర్డులా నడుస్తుంది. విండోస్ కీబోర్డు పెట్టినా సరే, ఆల్ట్ కీనే ఆప్షన్, విండోస్ గుర్తున్న కీనే కమాండ్. కనబడిన బొమ్మల్లో నారింజ రంగులో "ఈఎఫ్‌ఐ బూట్" అన్నదే పెన్‌డ్రైవ్.

ముందు స్మార్ట్‌సీటీఎల్‌తో డిస్కు ఆరోగ్యం చూశాను. చూడాల్సిన వరుసలు మూడు. 5వ నంబరు, చెడిపోయి పక్కన పెట్టేసిన సెక్టర్ల లెక్క: 1,104. 197వ నంబరు, చదవలేక తేల్చకుండా ఉంచినవి: 312. 199వ నంబరు సున్నా. ఈ 199 పెరుగుతూ ఉండి మిగతావి సున్నా అయితే తప్పు డిస్కుది కాదు, కేబుల్‌ది. మాది డిస్కే.

డీడీరెస్క్యూకి మూడు మాటలు చెప్పాలి: ఏ డిస్కు నుంచి, ఏ ఫైలులోకి, మ్యాప్ ఫైలు ఎక్కడ. ఈ మ్యాప్ ఫైలే అసలు ప్రాణం. ఏ భాగం వచ్చింది, ఏది వదిలేసింది అన్నదంతా అందులో రాసుకుంటుంది. దాన్ని కూడా పోర్టబుల్ డిస్కు మీదే పెట్టాలి. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయిన లినక్స్ మెమరీలో నడుస్తుంది, అక్కడ పెడితే కరెంటు పోగానే లెక్క గాలికి పోతుంది. మొదటి విడతకి "మైనస్ డి, మైనస్ ఎన్" అని ఇచ్చాను. డి అంటే మధ్యలో కాషింగ్ (చదివింది మెమరీలో దాచుకోవడం) లేకుండా డిస్కుని నేరుగా చదవడం. ఎన్ అంటే చెడిన చోట్లని గీకుతూ కూర్చోకుండా దాటిపోవడం. తేలిగ్గా వచ్చేదంతా ముందు దించుకోవాలి, మొండివాటి సంగతి తర్వాత. డిస్కు ఏ క్షణాన ఆగిపోయినా చేతిలో ఎక్కువ భాగం ఉండాలన్నదే ఇందులో కిటుకు.

రాత్రి ఎనిమిదికి మొదలైంది. మొదట్లో సెకనుకి 105 ఎంబీ దాకా వచ్చింది. డిస్కు బయటి అంచు నుంచి లోపలికి వెళ్లేకొద్దీ వేగం తగ్గడం మామూలే, చివరికి 50కి దిగింది. చెడు చోటు తగిలినప్పుడు మాత్రం వేగం సున్నాకి పడి, నిమిషం దాకా అంకెలు కదలవు. ఆ నిమిషం కూర్చోవడం చాలా కష్టం. ఆపెయ్యాలనిపిస్తుంది, ఆపకూడదు. డిస్కు తనలో తాను ప్రయత్నించి, ఓడిపోయానని చెప్పడానికి తీసుకునే సమయం అది. చెప్పగానే డీడీరెస్క్యూ ఆ చోటు దాటి ముందుకు దూకుతుంది. తెల్లారేసరికి మొదటి విడత అయిపోయి, 99.9 శాతం పైన వచ్చినట్టు చూపించింది. ప్రాణం లేచొచ్చింది.

22న రెండో విడత. ఇప్పుడు ఎన్ తీసేసి "మైనస్ ఆర్ 3" ఇచ్చాను, అంటే మిగిలిన చోట్ల ఒక్కోదాన్ని మూడుసార్లు మళ్లీ ప్రయత్నించమని. మిగిలింది కొన్ని పదుల ఎంబీలే అయినా, ఆ కాస్తకి మొదటి విడతకన్నా ఎక్కువసేపు పట్టింది. మధ్యాహ్నం కరెంటు పోయింది. యూపీఎస్ ఇచ్చిన పది నిమిషాల్లో కంట్రోల్, సీ కొట్టి ఆపి షట్‌డౌన్ చేశాను. కరెంటు వచ్చాక అదే కమాండ్, అదే మ్యాప్ ఫైలు ఇస్తే ఆగినచోటి నుంచే అందుకుంది. 23 ఉదయానికి మిగిలింది 3.4 ఎంబీ. అంతకుమించి గీకడం దండగ, డిస్కుని అక్కడితో వదిలేశాను.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. కానీ 3.4 ఎంబీ చిన్నదే అనుకోవడానికి లేదు. అది ఏ ఫైళ్లలో పోయిందో తెలియాలి. కాపీలో ఆ చోట్లన్నీ సున్నాలు ఉంటాయి. ఫైలు సైజు సరిగ్గానే ఉంటుంది, పేరు ఉంటుంది, తేదీ ఉంటుంది, తెరిస్తేగానీ పాడైందని తెలీదు. దీనికి డీడీరెస్క్యూలోనే ఫిల్ మోడ్ అని ఒక సదుపాయం ఉంది. మ్యాప్ ఫైలు చూసుకుని, రాని సెక్టర్లన్నిటిలో మనం ఇచ్చిన మాటని కాపీలో నింపుతుంది, వచ్చిన వాటిని తాకదు. ఇంకెక్కడా ఉండటానికి వీల్లేని పొడుగాటి మాటొకటి ఇచ్చి నింపాను. తర్వాత మ్యాక్‌లో ఆ మాట ఉన్న ఫైళ్లేవో వెతికితే పాడైన ఫైళ్ల జాబితా చేతికొచ్చేస్తుంది. ఇది తెలియకపోతే వేల ఫైళ్లు ఒక్కొక్కటీ తెరిచి చూసుకోవడమే.

24న ఎస్‌ఎస్‌డీ వంతు. డేటా చేతిలో ఉంది కాబట్టి ఇక లోపలి డిస్కు ఏమైనా భయం లేదు. ఆప్షన్, కమాండ్, ఆర్ మూడూ పట్టుకుని ఆన్ చేస్తే తెర మీద భూగోళం తిరుగుతుంది. ఇది ఇంటర్నెట్ నుంచి రికవరీని (మ్యాక్ ఓఎస్‌ని మళ్లీ ఎక్కించే సాధనాన్ని) దించుకోవడం. ఉత్త కమాండ్, ఆర్ పట్టుకుంటే లోపలి డిస్కులో ఉన్న రికవరీకి వెళ్తుంది, ఆ డిస్కు మీద ఆధారపడకూడదనే కదా ఇదంతా. డిస్క్ యుటిలిటీ తెరవగానే "లోడింగ్ డిస్క్స్" అని చాలాసేపు ఉండిపోయింది. చెడిన డిస్కు జవాబు చెప్పేదాకా అది ఆగుతుంది, హ్యాంగ్ అయిందనుకుని పవర్ బటన్ నొక్కకండి.

ఎస్‌ఎస్‌డీని ఫార్మాట్ చేసేటప్పుడు దాదాపు అందరూ చిక్కుకునే చోటు ఒకటుంది. వ్యూ మెనూలో "షో ఆల్ డివైసెస్" పెట్టాలి. పెట్టకపోతే ఎడమపక్క డ్రైవ్ కింద ఉన్న వాల్యూమ్ (డ్రైవ్‌లోని ఒక భాగం) మాత్రమే కనబడుతుంది, దాన్ని ఎరేజ్ చేస్తే స్కీమ్ (డిస్కుని భాగాలుగా పంచే పద్ధతి) అన్న గడే రాదు. పైన ఉన్న డివైస్ పేరునే ఎంచుకుని ఎరేజ్ కొట్టాలి: ఫార్మాట్ ఏపీఎఫ్‌ఎస్, స్కీమ్ జీయూఐడీ పార్టిషన్ మ్యాప్. స్కీమ్ పాత ఎంబీఆర్‌గా మిగిలిపోతే ఇన్‌స్టాలర్ ఆ డ్రైవ్‌ని ఒప్పుకోదు, కారణం సూటిగా చెప్పదు. పేరు కూడా "మెకింటాష్ హెచ్‌డీ" అని పెట్టకుండా, బయటిదని తెలిసేలా పెట్టుకోవాలి. లేకపోతే ప్రతిచోటా ఒకే పేరుతో రెండేసి కనబడి మతిపోతుంది.

ఈ మోడల్‌కి ఎక్కే చివరి మ్యాక్ ఓఎస్ మాంటెరీ, రికవరీ దాన్నే ఇచ్చింది. దించుకోవాల్సింది ఇంచుమించు 12 జీబీ. మా 40 ఎంబీపీఎస్ లైన్ మీద ఇన్‌స్టాల్ అయ్యేదాకా రెండు గంటలు పట్టింది. "12 నిమిషాలు" అని చూపించే గీత అరగంట అలాగే ఉంటుంది, మధ్యలో తెర నల్లబడుతుంది, రీస్టార్ట్ అవుతుంది. ఒక రీస్టార్ట్‌లో ప్రశ్నార్థకం ఉన్న ఫోల్డర్ బొమ్మ వచ్చింది. కేసింగ్ మేలుకునేలోపే మ్యాక్ డ్రైవ్ కోసం వెతికి లేదనుకుంది, అంతే. మళ్లీ ఆప్షన్ పట్టుకుని ఎస్‌ఎస్‌డీని చూపిస్తే కొనసాగింది. ఇన్‌స్టాల్ అయ్యాక సిస్టమ్ ప్రిఫరెన్సెస్‌లో స్టార్టప్ డిస్క్‌గా దాన్ని ఎంచుకుంటే ఈ బాధ ఉండదు. ఎన్‌వీర్యామ్ (ఇలాంటి ఎంపికలు గుర్తుంచుకునే చిన్న మెమరీ) రీసెట్ చేస్తే ఆ ఎంపిక పోతుంది, మళ్లీ పెట్టుకోవాలి.

మొదటిసారి సెటప్ తెరలు వచ్చినప్పుడే టైమ్ మెషీన్ నుంచి తెచ్చుకుంటానని చెప్పడం మంచిది. ముందు కొత్త యూజర్‌ని చేసుకుని, తర్వాత మైగ్రేషన్ అసిస్టెంట్ నడిపితే కొత్త యూజర్‌కి 501, పాత యూజర్‌కి 502 అని నంబర్లు పడతాయి. అప్పుడు పాత డిస్కు కాపీలోని ఫోల్డర్ల మీద ఎర్ర గుర్తు పడి "అనుమతి లేదు" అంటుంది. మొదట్లోనే తెచ్చుకుంటే పాత నంబరే ఉంటుంది, తాళాలు పడవు. మా బ్యాకప్ దాదాపు 280 జీబీ, రావడానికి నాలుగు గంటల పైనే పట్టింది. ఆలస్యమంతా బ్యాకప్ ఉన్న పాత హార్డ్ డిస్కుదే.

డిసెంబరు 29 దాకా పని వెనక్కి వచ్చింది. ఆ తర్వాతిది డీడీరెస్క్యూ కాపీలోంచి తీసుకోవాలి. ఆ పెద్ద ఫైలుకి చివర డీఎంజీ అని పేరు పెట్టి, టెర్మినల్లో (కమాండ్లు టైపు చేసే కిటికీ) హెచ్‌డీఐయుటిల్ అనే కమాండ్‌తో రీడ్‌ఓన్లీగా అటాచ్ చేశాను. రీడ్‌ఓన్లీ అన్నది మర్చిపోతే మ్యాక్ అందులో ఏవేవో రాస్తుంది.

ఈ పని మొదలుపెట్టే ముందే లోపలి డిస్కు మౌంట్ అవకుండా చేశాను. లేకపోతే లాగిన్ అయిన ప్రతిసారీ దాన్ని మౌంట్ చెయ్యబోయి అంతా స్తంభించేది. పద్ధతి: డిస్క్ యుటిలిటీలో లోపలి వాల్యూమ్‌ల యూయూఐడీలు (ఒక్కోదానికి ఉండే గుర్తింపు నంబర్లు) రాసుకుని, టెర్మినల్లో సుడో వీఐఎఫ్‌ఎస్ అనే కమాండ్‌తో, ఏది మౌంట్ కావాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలు తెరిచి, ఒక్కో వాల్యూమ్‌కి ఒక్కో వరుస చొప్పున "నోఆటో" అని రాయడం. సిస్టమ్ వాల్యూమ్, డేటా వాల్యూమ్ రెండిటికీ రాయాలి. ఇక్కడే ఒక చిక్కు ఎదురైంది. కాపీ అన్నది సెక్టరు సెక్టరుగా తీసిన అచ్చు కాబట్టి దాని యూయూఐడీ కూడా లోపలి డిస్కుదే. నోఆటో దానికీ వర్తిస్తుంది, అటాచ్ చేసినా ఫైండర్‌లో కనబడదు. కాపీ పాడైందేమోనని కాసేపు వణుకు పుట్టింది. డిస్క్‌యుటిల్ లిస్ట్ అనే కమాండ్ చూపించే వరుసల్లో "డిస్క్ ఇమేజ్" అని ఉన్నదాని నంబరు చూసి, ఆ నంబరుతోనే మౌంట్ చెయ్యమంటే వచ్చింది.

అందులో తేదీల వరుసన చూసి కొత్త ప్రూఫులన్నీ కాపీ చేసుకున్నాను. ఫిల్ మోడ్‌లో నింపిన మాట కోసం గ్రెప్ అనే కమాండ్‌తో వెతికిస్తే మొత్తం యూజర్ ఫోల్డర్ మీద ఆరేడు గంటలు నడిచింది. దొరికినవి ఎక్కువగా బ్రౌజర్ కాష్, మెయిల్ అటాచ్‌మెంట్లు. ఒక్కటే గుబులు పుట్టించింది, పాత పుస్తకం ఇన్‌డిజైన్ (మేం పేజ్ మేకప్ చేసే ప్రోగ్రామ్) ఫైలు. అది తెరుచుకునేది, నలభై పేజీల దాకా బాగానే ఉండి, ఆ తర్వాత మూసుకుపోయేది. టైమ్ మెషీన్‌లో ఆ ఫైలు నవంబరు నాటిది చెక్కుచెదరకుండా ఉంది, ఆ తర్వాత మేం దాన్ని ముట్టుకోలేదు. తాజా ప్రూఫులు ఒక్కటీ పోలేదు.

ఇక ఎస్‌ఎస్‌డీ మీద రోజువారీ పని. ముందు వేగం సరిగ్గా పడిందో లేదో చూసుకోవాలి. సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో యూఎస్‌బీ కింద కేసింగ్ పేరు దగ్గర "5 గిగాబిట్లు పర్ సెకండ్ దాకా" అని ఉండాలి. "480 మెగాబిట్లు" అని ఉంటే యూఎస్‌బీ 2 వేగంలో నడుస్తోందన్నమాట. ప్లగ్గుని నెమ్మదిగా గుచ్చితే ఇలా అవుతుంది: ముందు పాత పిన్నులు తగిలి ఆ వేగానికే ఒప్పందం కుదిరిపోతుంది. తీసి గబుక్కున పూర్తిగా నొక్కితే సరిపోయింది. ఇప్పుడు చదవడం, రాయడం సెకనుకి 400 ఎంబీ దగ్గర ఉంది. పాత డిస్కు బాగున్న రోజుల్లో కూడా ఇందులో నాలుగోవంతు వచ్చేది. ఇన్‌డిజైన్ తెరుచుకోవడం చూస్తే కొత్త కంప్యూటరు కొన్నట్టే ఉంది.

ఎదురుచూడని తలనొప్పి మౌస్ దగ్గర వచ్చింది. ఎస్‌ఎస్‌డీ పెట్టిన రోజు నుంచి బ్లూటూత్ మౌస్ బాణం ఆగి ఆగి దూకేది. కారణం యూఎస్‌బీ 3 సంకేతాలే. అవి 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో రేడియో రొద పుట్టిస్తాయి, బ్లూటూత్ నడిచేది అక్కడే. దీన్ని వివరిస్తూ ఇంటెల్ 2012లోనే ఒక పత్రం ఇచ్చింది. ప్లాస్టిక్ కేసింగ్, పలుచటి కేబుల్ అయితే రొద ఎక్కువ. లోహపు కేసింగ్, మంచి కవచమున్న అర మీటరు కేబుల్ 650 రూపాయలకి తెచ్చి, కేసింగ్‌ని స్టాండు వెనక వెల్క్రోతో అంటించాక బాణం కుదుటపడింది. పాత ప్లాస్టిక్ కేసింగ్ పక్కన పడి ఉంది. కొనేటప్పుడే లోహపుది తీసుకుంటే ఈ ఖర్చు ఉండదు.

అంటించడం అందం కోసం కాదు. నడుస్తున్న కంప్యూటరు బూట్ డ్రైవ్ కేబుల్ ఊడితే మరుక్షణం అంతా ఆగిపోతుంది, సేవ్ చెయ్యని పని పోతుంది. తుడిచేవాళ్ల చెయ్యి తగలని చోట ఉండాలి. ఎనర్జీ సేవర్‌లో "హార్డ్ డిస్కుల్ని నిద్రపుచ్చు" అన్న టిక్కు తీసెయ్యాలి. కొన్ని కేసింగ్‌లకి సొంత నిద్ర ఉంటుంది, ఐమ్యాక్ నిద్రలేచేసరికి అవి లేవవు. అలాంటిది తగిలితే మార్చుకోవడమే మార్గం. మాది ఇప్పటిదాకా నిద్రలోంచి సరిగ్గానే లేస్తోంది.

ఇంకా ఒక ఇబ్బంది మిగిలే ఉంది. ఆన్ చెయ్యగానే తెల్లటి తెర మీద నిమిషం దాకా ఏమీ జరగదు. నోఆటో మ్యాక్ ఓఎస్ లేచాకే పనిచేస్తుంది. అంతకుముందు మ్యాక్ తన ఫర్మ్‌వేర్‌లో (మ్యాక్ ఓఎస్ కన్నా ముందు నడిచే ప్రోగ్రామ్) లోపలి డిస్కుని పలకరించి, జవాబు కోసం ఆగుతుంది. దాన్ని తప్పించాలంటే తెర విప్పి తీగ పీకాల్సిందే. నిమిషం కోసం తెరతో ఆట వద్దనుకున్నాం. డిస్కు పూర్తిగా చచ్చిపోతే ఆ ఆలస్యం ఒక్కోసారి దానంతటదే పోతుంది కూడా.

మిగతా కంప్యూటర్ల సంగతి కొంత. 2017 చివర్నుంచి వచ్చిన, టీ2 అనే భద్రతా చిప్పున్న మ్యాక్‌లలో బయటి డ్రైవ్ నుంచి బూట్ కావడానికి స్టార్టప్ సెక్యూరిటీ యుటిలిటీలో ముందే అనుమతి ఇచ్చి ఉండాలి. ఆ అనుమతి మార్చడానికి లోపలి డిస్కులోని యూజర్ పాస్‌వర్డ్ అడుగుతుంది, డిస్కు పోయాక మార్చడం కష్టం. ఎం1తో మొదలై వచ్చినవాటిలో బయటి డ్రైవ్ నుంచి నడిపించాలన్నా బూట్ మొదటి మెట్లు లోపలి ఎస్‌ఎస్‌డీలోనే ఉంటాయి. అది పోతే బయట ఎంత మంచి డ్రైవ్ పెట్టినా లేవదు. వీటిలో లోపలి నిల్వ కూడా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది కాబట్టి నేను తీసినట్టు సెక్టర్లు దించుకోవడం కుదరదు. అక్కడ బ్యాకప్ ఒక్కటే దిక్కు. విండోస్ లాప్‌టాప్‌లో అయితే సెటప్ యూఎస్‌బీ డ్రైవ్ మీద విండోస్ వెయ్యనంటుంది. అలా నడిపించే విండోస్ టు గో అనే సదుపాయాన్ని విండోస్ 10లో 2020లో తీసేశారు. ఉబుంటు లాంటి లినక్స్ అయితే బయటి ఎస్‌ఎస్‌డీ మీద హాయిగా ఎక్కుతుంది. ఎలాగూ చాలా లాప్‌టాప్‌లలో కింది మూత స్క్రూలు తీస్తే డిస్కు చేతికొస్తుంది, దాన్ని మార్చడమే చవక. డేటా దించుకునే పద్ధతి మాత్రం సిస్టమ్‌రెస్క్యూ, డీడీరెస్క్యూ, ఎక్స్‌ఫ్యాట్ డిస్కుతో ఇదే.

మొత్తం ఖర్చు 10,950 రూపాయలు. అందులో సగం పైన పోర్టబుల్ డిస్కుదే, అదేమీ వృథా కాలేదు. రెండు పుస్తకాలూ ప్రెస్సుకి వెళ్లి అచ్చయి వచ్చేదాకా కాపీ ఫైలుని కదపలేదు. మార్చి మొదటివారంలో దాన్ని తీసేసి, ఆ డిస్కుని జీయూఐడీ, ఏపీఎఫ్‌ఎస్‌గా మళ్లీ ఫార్మాట్ చేసి టైమ్ మెషీన్‌కి ఇచ్చాం. ఎక్స్‌ఫ్యాట్‌గా ఉన్నదాన్ని టైమ్ మెషీన్ ఉన్నదున్నట్టు తీసుకోదు, చెరిపి మళ్లీ ఫార్మాట్ చేస్తానంటుంది. అంతకుముందే మనం చేసి ఇస్తే స్కీమ్ మన చేతిలో ఉంటుంది. మొదటి బ్యాకప్ రాత్రంతా నడిచింది. ఇప్పుడు గంటగంటకీ రెండు మూడు నిమిషాల్లో పూర్తవుతోంది. మెనూ బార్‌లో దాని బొమ్మ మీద నొక్కి చివరి బ్యాకప్ సమయం చూడటం మా ఆఫీసులో పొద్దున్నే చేసే మొదటి పని.